ఖాళీ అంగడిలో చిన్న వ్యాపారం – 3వ పాఠం: తాళంచెవి ఎవరి దగ్గర?

ఖాళీగా ఉన్న అంగడిని కొద్ది రోజులకే అడిగి తీసుకోమన్న పోయిన పాఠం చదివి అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర, పాతూరు తిలక్ రోడ్డులో మూసిన షట్టర్ల వెంట తిరిగినవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు: "నెల రోజులకైతే ఇయ్యనన్నాడు సార్. ఇస్తే మూడేళ్లకంట, అడ్వాన్సు పది నెలలదంట." తప్పు నాదే. ఓనరును ఏం అడగాలో చెప్పాను గానీ, ఓనరు భయమేమిటో చెప్పలేదు. అల్మారాలు, లైట్ల పాఠం తర్వాత చూద్దాం.

బాడుగ రాకపోయినా ఓనరు తాళం ఎందుకు తీయడు? ఎవరో పండగకని చేరి పదేళ్లు కదలని కథ ఆయన వినే ఉంటాడు. అద్దె చట్టాలు చదవకపోయినా, కోర్టు చుట్టూ తిరగాలన్న టెన్షన్ మాత్రం ఉంటుంది. అలాంటి మనిషి దగ్గర బాడుగ తగ్గించమని బేరమాడి ఏం లాభం? మీరు ఫలానా రోజు కచ్చితంగా లేచిపోతారని నమ్మకం కలగాలి.

అందుకని లెక్క తెలిసిన రోజులే అడగండి. విజయదశమి నుంచి దీపావళి దాకా 20 రోజులు: ప్రమిదలు, ముగ్గు రంగులు. రంజాన్ నెల: సేమియా, అత్తరు. ధర్మవరం చీరలైతే వరలక్ష్మీ వ్రతానికి ముందు రెండు వారాలు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు పంచుకునే పద్ధతీ ఉంది, నాకు నచ్చదు. పొద్దున ఉగ్గాణి బజ్జీ వేసిన చోట సాయంత్రం రవికెలు కుడితే నూనె వాసన ఎక్కడికి పోతుంది?

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. ఓనరు భయమంతా లీజు గురించే కాబట్టి, కాగితం పైన 'లైసెన్సు ఒప్పందం' అని టైపు చేయిస్తే లైసెన్సు అయిపోతుందనుకుంటారు. కాదు. ఇతరుల స్థలాన్ని వాడుకునే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో లైసెన్సంటే ఆ చోట ఫలానా పని చేసుకోవడానికి అనుమతి, అంతే. చోటు పూర్తిగా మీ స్వాధీనమైతే అది సాధారణంగా లీజు. కోర్టు కాగితం పేరు ఒక్కటే చూసి ఊరుకోదు, స్వాధీనం ఎవరిదని అడుగుతుంది. స్వాధీనమంటే మన మాటల్లో తాళంచెవి. రెండు తాళంచెవులూ మీ జేబులో ఉండి, ఓనరు బయట నిలబడి మిమ్మల్ని పిలవాల్సి వస్తే, మీరు ఏ పేరు రాసుకున్నా అది లీజు కిందికే జారుతుంది. ఒకటి ఆయన దగ్గరుండి, ఎప్పుడైనా తెరిచి లోపలికి రాగలిగి, వెనక గదిలో ఆయన సామాను ఆయనదిగానే ఉంటే లైసెన్సు అన్న మాటకు బలం. మొదటి తేదీ, చివరి తేదీ, ఆ రోజు ఎన్ని గంటలకు ఖాళీ చేస్తారో కూడా రాయండి. 'బాడుగ' అనకుండా 'వాడుక రుసుము' అనండి. మీలో ఒకాయన 'ఇరువురి ఇష్టం మేరకు పొడిగించవచ్చు' అని రాయించబోయాడట. ఓనరు టీ సగంలో వదిలేసి లేచాడట. లేవడా మరి!

నేనైతే కూర్చోగానే "ఒక తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండన్నా" అంటాను. గల్లా డబ్బు రాత్రికి ఇంటికి తెచ్చుకుంటాను.

డబ్బు సంగతి: నెలకు 12 వేలు చెప్పే అంగడికి 20 రోజులకు 8 వేలవుతుంది. నేను 9 వేలిస్తాను, మొత్తం మొదటి రోజే. పది నెలల అడ్వాన్సంటే 1,20,000. ముందే చేతిలో డబ్బు పడితే ఆ మాట ఎత్తేవాళ్లు తక్కువ. రసీదు తీసుకోండి. కరెంటు సర్వీసు నంబరు అడిగి పాత బాకీ ఉందేమో చూసుకోండి, మీటరు రీడింగు ఫోటో తీసుకోండి.

అభ్యాసం: ఈ వారం ఐదుగురు ఓనర్లను కలవండి. కాదన్నవాళ్లు సరిగ్గా ఏ మాటతో కాదన్నారో, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. 'ఒప్పుకోలేదు' అని రాస్తే లెక్కలోకి రాదు. నాలుగో పాఠం ఆ మాటలతోనే మొదలు.