బీచ్ దగ్గర చవక హోటల్: బుక్ చేసేముందు, దిగాక

సిటీ బీచ్ పక్కన తక్కువ రేటు హోటల్ వెతుకుతున్నారంటే మీరు డబ్బు పెడుతున్నది ప్రధానంగా నడిచి వెళ్లగలిగే దూరానికే. గది చిన్నగా ఉంటుంది, గోడకి ఓ మూల చెమ్మ మరక ఉంటుంది, తలుపు కాస్త గట్టిగా లాగితేనే పడుతుంది. ఇదంతా ముందే ఒప్పేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. పొద్దున్నే లేచి చెప్పులేసుకుని ఐదు నిమిషాల్లో ఇసుకలో ఉండాలి, తడిసి ముద్దయ్యాక బండి కోసం రోడ్డు మీద నిలబడకుండా మళ్లీ ఐదు నిమిషాల్లో బాత్రూంలో ఉండాలి. ఈ రెండూ కుదిరితే మిగతావాటిలో సర్దుకోవచ్చు. కుదరకపోతే అదే డబ్బుకి సముద్రానికి దూరంగా ఇంతకంటే మంచి గది దొరుకుతుంది, అక్కడే దిగండి.

అందుకే "బీచ్‌కి 300 మీటర్లు" అని రాసి ఉంటే వెంటనే నమ్మకండి. చాలాసార్లు ఆ దూరం తిన్నగా గీత గీసి కొలిచింది. మధ్యలో దాటడానికి వీల్లేని పెద్ద రోడ్డో, రైలు పట్టాలో, కాలువో ఉంటే ఆ 300 మీటర్లు కాస్తా కిలోమీటరు దాటిపోతుంది. మ్యాప్‌లో నడక దారి పెట్టి చూడండి. బీచ్ పేరు మీదున్న పిన్ ఒక్కోసారి ఎక్కడో మధ్యలో ఉంటుంది, దాన్ని వదిలేసి శాటిలైట్ బొమ్మలో ఇసుకలోకి దిగే మెట్లో దారో ఎక్కడుందో వెతికి అక్కడిదాకా కొలవండి. మామూలు నడకలో నిమిషానికి దాదాపు 80 మీటర్లు వెళ్తాం కాబట్టి 400 మీటర్లంటే ఐదు నిమిషాలు, చిన్నపిల్లలూ సామానూ ఉంటే దానికి రెట్టింపు వేసుకోండి. హోటల్ ఎదురుగా ఉన్నది ఇసుకేనా లేక బండరాళ్లు పోసిన గట్టా అన్నది కూడా ఆ బొమ్మలోనే తెలిసిపోతుంది.

ఇక సీ వ్యూ. నన్నడిగితే చవక హోటల్లో సీ వ్యూకి ఎక్కువ పెట్టడం దండగ. "పార్షియల్ సీ వ్యూ" అని ఉంటే బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే రెండు బిల్డింగుల మధ్య నీలంగా ఏదో కనిపిస్తుందని అర్థం. పైగా సముద్రం వైపు గది అంటే సాధారణంగా బీచ్ రోడ్డు వైపు గదే, అంటే రాత్రి పొద్దుపోయేదాకా హారన్లు, పాటలు, తాగి అరిచేవాళ్లు. సముద్రాన్ని చూడ్డానికి ఎలాగూ కిందికి దిగుతున్నాం కదా! వెనకవైపు గది అడగండి, తరచూ అదే తక్కువ రేటు కూడా. పై అంతస్తుల్లో ఇవ్వమనండి గానీ అన్నిటికన్నా పైది మాత్రం వద్దు, ఎండంతా పీల్చుకున్న స్లాబు రాత్రి చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. లిఫ్టు పక్కది, జనరేటర్ మీదది, వంటగది పొగ వచ్చేదీ వద్దని బుకింగ్‌లో ఒక ముక్క రాసి, వెళ్లే ముందురోజు ఫోన్ చేసి గుర్తు చేస్తే ఖాళీ ఉన్నప్పుడు చాలామంది వింటారు.

రివ్యూలు చదివేటప్పుడు స్టార్ల లెక్క పక్కనపెట్టి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, గడిచిన కొన్ని నెలలవి మాత్రం చదవండి. ఊరి మధ్యలో హోటల్‌కి పాత రివ్యూ కొంతవరకు పనికొస్తుంది, సముద్రం పక్కన అలా కాదు. అలలు విరిగినప్పుడు లేచే ఉప్పు తుంపర గాలిలో కలిసి ఏసీ బయటి యూనిట్లనీ, కిటికీ బందుల్నీ, కుళాయిల్నీ, తలుపు తాళాల్నీ తినేస్తుంది, పట్టించుకోని హోటలైతే రెండు మూడేళ్లలోనే రూపు మారిపోతుంది. రివ్యూల్లో వాసన, ఏసీ, నీళ్లు, శబ్దం అన్న మాటలు వెతకండి. ఒకరు తిడితే వాళ్లకి ఆ రోజు బాగోలేదేమో అనుకోవచ్చు, వేర్వేరు నెలల్లో ముగ్గురు అదే మాటన్నారంటే అది నిజమే. ఫోటోల విషయానికొస్తే హోటల్‌వాళ్లు పెట్టినవి వదిలేసి అక్కడ దిగినవాళ్లు తీసిన బాత్రూం ఫోటోలు చూడండి, ఆ హోటల్ సంగతి బాత్రూమే చెప్పేస్తుంది.

రేటు దగ్గర చూడాల్సింది చివరి పేజీలో వచ్చే మొత్తం. పన్నులు, శుభ్రం చేసిన ఛార్జీ, ఏసీకి విడిగా, బీచ్ టవల్‌కి విడిగా, పార్కింగ్‌కి విడిగా, ఇలా ఒక్కొక్కటీ చేరితే చవక హోటల్ కాస్తా పక్కనున్న మంచి హోటల్ రేటుకి వచ్చేస్తుంది. సైట్లో రేటు చూశాక నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి అడగండి, కొన్నిచోట్ల తగ్గిస్తారు, కొన్నిచోట్ల తగ్గించకపోయినా చెకౌట్ టైం కాస్త పొడిగిస్తారు. చెకౌట్ మధ్యాహ్నానికా లేక దిగిన టైం నుంచి 24 గంటలా అన్నదీ అప్పుడే అడిగేయండి. వారాంతం వదిలేసి మామూలు రోజుల్లో వెళ్లగలిగితే చాలాచోట్ల రేటూ తగ్గుతుంది, జనమూ తగ్గుతారు.

గదిలోకి వెళ్లగానే సామాను మంచం మీద పడేయకండి. ముందు దాన్ని బాత్రూంలో గచ్చు మీదో లగేజీ స్టాండ్ మీదో పెట్టి, దుప్పటి ఎత్తి పరుపు కుట్లు, మూలలు, తలవైపు చెక్క వెనక ఫోన్ లైట్ వేసి చూడండి. చిన్న చిన్న నల్లటి చుక్కలో, రక్తపు మరకలో, ఐదు మిల్లీమీటర్లుండే బల్లపరుపు గోధుమరంగు పురుగులో కనిపిస్తే అవి నల్లులు. అప్పుడు గది మార్చమనండి, పక్క గది గానీ సరిగ్గా పైదీ కిందదీ గానీ వద్దు, నల్లులు గోడ సందుల్లోంచి అక్కడికీ పోతాయి. తర్వాత ఏసీ వేసి పది నిమిషాలు ఆగండి, వేడినీళ్లు తిప్పండి, లోపలి గడియ పడుతుందో లేదో చూడండి, బాత్రూంలో నీళ్లు నిలుస్తున్నాయా చూడండి (బీచ్ దగ్గర బాత్రూం జాలీల్లో ఇసుక పేరుకుని ఉంటుంది, ఇది మామూలే). మెట్లు ఎటున్నాయో ఒకసారి నడిచి చూసుకోండి. గదిలో ముందే పగిలినవీ మరకలున్నవీ ఫోటో తీసి పెట్టుకోండి, డిపాజిట్ వెనక్కి అడిగేటప్పుడు పనికొస్తాయి. గది మార్చుకోవాలంటే సామాను విప్పకముందే అడగాలి, ఒక రాత్రి పడుకున్నాక అడిగితే ఎవరూ వినరు.

ఆ తర్వాత రోజూ ఉండే గొడవ తడి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గదిలో ఆరేసిన టవల్ మర్నాటికి కూడా ఆరదు, పైగా గదంతా ముక్కిపోయిన వాసన. ఏసీకి డ్రై మోడ్ ఉంటే కిటికీలు మూసి అది పెట్టండి, గాల్లో తేమ లాగేస్తుంది, కిటికీ తెరిచి ఏసీ వేస్తే మాత్రం బయటి తేమంతా లోపలికొచ్చి గోడలు చెమరుస్తాయి. కార్డు పెడితేనే కరెంటు వచ్చే గదులైతే మీరు బయటికి వెళ్లగానే అంతా ఆగిపోతుంది, కాబట్టి బట్టలు రాత్రి మీరు గదిలో ఉన్నప్పుడే ఆరేయాలి. రెండు మీటర్ల సన్నతాడు, నాలుగు క్లిప్పులు, ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు, పాత టవల్ ఒకటి తెచ్చుకోండి. హోటల్ టవల్ బీచ్‌కి పట్టుకెళ్తే చాలాచోట్ల ఊరుకోరు, మరకపడితే డబ్బు కూడా వసూలు చేస్తారు. కాళ్లకి అంటుకున్న ఇసుక ఎంత దులిపినా పోదు కదా, దానికి టాల్కం పౌడర్ చల్లి చేత్తో రుద్దండి, తడి పీల్చుకోగానే ఇసుక దానంతటదే రాలిపోతుంది.

బీచ్‌కి వెళ్లేటప్పుడు ఒక గది తాళం, కాస్త డబ్బు, జిప్ కవర్లో ఒక ఫోన్, అంతే. అందరూ ఒకేసారి నీళ్లలోకి దిగకండి, ఒకరు సామాను దగ్గర కూర్చోవాలి. గది కార్డుకి నల్లటి అయస్కాంతపు పట్టీ ఉంటే ఫోన్ కవర్లో పెట్టకండి, మాగ్నెట్ తగిలి పనిచేయడం మానేస్తుంది, తడి బట్టలతో రిసెప్షన్ ముందు నిలబడాల్సి వస్తుంది.

సిటీ బీచ్‌కి ఉన్న ముఖ్యమైన ఇబ్బంది వాన. గట్టి వాన పడితే ఊళ్లోని వాననీటి కాలువలు మురుగుతో సహా సముద్రంలోకే వస్తాయి, నీళ్లు చూడ్డానికి బాగానే ఉన్నా రెండు మూడు రోజులు ఈతకి దిగకపోవడమే మంచిది, కాలువ కలిసే చోటైతే వాన లేకపోయినా దిగొద్దు. ఎర్రజెండా ఉంటే దిగొద్దు, పైన ఎరుపు కింద పసుపు ఉన్న జెండాలు రెండు కనిపిస్తే వాటి మధ్యలోనే ఈదాలి, లైఫ్‌గార్డులు చూసేది ఆ మేర. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో కొంత మేర ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అక్కడ బాగుందని దిగకండి, నీరు లోపలికి లాగేసే రిప్ కరెంట్ తరచూ అలాగే కనిపిస్తుంది. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, ఒడ్డుకి సమాంతరంగా ఈది లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగాలి, ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

ఎక్కువచోట్ల ఆటుపోట్లు రోజుకి రెండుసార్లు, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పోటు వేళకి ఇరుకు బీచుల్లో ఇసుకే మిగలదు, ఫోన్లో టైడ్ టైం చూసుకుని బయల్దేరండి. మంచి ఎండ కాసే రోజుల్లో సముద్రం మీంచి వచ్చే గాలి మధ్యాహ్నానికి పెరుగుతుంది కాబట్టి పొద్దున పూటే నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి, ఎండ బాధా తక్కువ.

చివరి రోజు గురించి ముందురోజు రాత్రే రిసెప్షన్‌లో మాట్లాడండి. సాయంత్రం ప్రయాణం అయితే గది ఖాళీ చేసి సామాను వాళ్ల దగ్గరే పెట్టి బీచ్‌కి వెళ్లొచ్చు, చాలా హోటళ్లు దీనికి డబ్బు తీసుకోవు. అడగాల్సిన అసలు ప్రశ్న, తిరిగొచ్చాక స్నానానికి ఎక్కడైనా బాత్రూం ఇస్తారా అని. ఇస్తామంటే ఒక జత పొడి బట్టలు, సబ్బు, కవరు విడిగా పైన పెట్టుకోండి, పెద్ద సంచీ మళ్లీ విప్పక్కర్లేదు. ఇవ్వమంటే పొద్దున్నే తొందరగా సముద్రానికి వెళ్లొచ్చి, చెకౌట్‌కి గంట ముందు స్నానాలు ముగించండి. డిపాజిట్ ఇచ్చి ఉంటే తాళం చేతిలో పెట్టేటప్పుడే తిరిగి తీసుకోండి, ఆన్‌లైన్లో వేస్తామంటే ఎప్పటిలోగా వేస్తారో మెసేజ్‌లో రాయించుకోండి.