ఇంట్లోనే న్యూస్ రీడింగ్, 4వ పాఠం: అంకెల దగ్గర ఆగిపోతున్నారు

పోయిన పాఠం తర్వాత వచ్చిన రికార్డింగులన్నీ విన్నాను, దాదాపు అందరూ ప్రాంప్టర్ (చదవాల్సిన అక్షరాలు ఎదురుగా పైకి జరుగుతూ కనిపించే తెర) వెనక పరిగెత్తారు. తప్పు నాదే, ఫోన్ యాప్‌లో స్పీడ్ పెట్టుకోండి అని చెప్పి వదిలేశాను. స్టూడియోలో అక్షరాలు జరపడానికి ఒక మనిషి ఉంటాడండి, మీరు ఆగితే ఆగుతాడు, మీరు కదిలితే కదుపుతాడు. ఇంట్లో తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టి వేలితో జరపమనండి, ఆటోమేటిక్ స్క్రోల్ తీసేయండి. కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి అన్నవాళ్లు లైన్‌కి మూడు నాలుగు మాటలే పెట్టుకుని ఫోన్ కాస్త దూరం జరపండి. బట్టలు, మేకప్, కూర్చునే తీరు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఏసీ గదిలో కూర్చుని ఎదురుగా కనిపించేది చదవడమే కదా, టీవీలో ఇంతకంటే సుఖమైన ఉద్యోగం ఉందా అని మా విజయవాడలో ఎంతమంది అన్నారో. సుఖమే, నేనూ కాదనను, కానీ అంకె వచ్చేదాకానే.

2024 సెప్టెంబర్ వరదల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మా బాబాయి వాళ్లది విజయవాడలో నది ఒడ్డునే ఉన్న కృష్ణలంక, సామాన్లు పైకెక్కిస్తూ టీవీ వైపు చూడకుండా చెవి మాత్రం అటు పడేశారు, రీడర్ "పదకొండు పాయింట్ నలభై మూడు" అని గబగబా మింగేసింది. "పదకొండు వేలంటావేంట్రా?" అని నన్నడిగారు. ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అని చూసుకునే మనిషికి అలా చదువుతామా? "పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కులు" అనండి, "లక్షల" తర్వాత రవ్వంత ఆగండి. స్క్రిప్ట్‌లో అంకెలుంటే నేనైతే పెన్సిల్‌తో అక్షరాల్లో రాసుకున్నాకే కుర్చీలో కూర్చుంటాను.

ఇంకోటి, క్యూసెక్కు వేరు, టీఎంసీ వేరు, ఇది కలిపేస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అది ప్రవాహం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది నిల్వ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. కృష్ణ మీదే, బ్యారేజీకి ఎగువన ఉన్న పులిచింతల రిజర్వాయర్ సామర్థ్యం 45.77 టీఎంసీలు, అంటే ఆ రోజు బ్యారేజీకి వచ్చినంత వరద పడితే ఖాళీ పులిచింతల పదకొండు గంటల్లో నిండిపోతుంది. ఇది తలలో ఉంటే ఆ అంకె చదివేటప్పుడు గొంతు దానంతటదే నెమ్మదిస్తుంది, నటించక్కర్లేదు. ఇక్కడ మాత్రం "నలభై ఐదు పాయింట్ ఏడు ఏడు" అనే చదవాలి, "పాయింట్ డెబ్బై ఏడు" కాదు.

ప్రాక్టీసు: గుంటూరు మిర్చి యార్డు ధరల వార్త ఒకటి పేపర్లోంచి తీసుకోండి, రకాలు, బస్తాలు, క్వింటా ధరలు అన్నీ ఉన్నది. వారం రోజులు రోజుకి పదిసార్లు చదవండి. అమ్మ వంటింట్లో పోపు పెడుతుండగా హాల్లోంచి ఒక్కసారే చదివి, తేజ రకం ధర ఎంతన్నానో చెప్పమనండి. చెప్పలేకపోతే మళ్లీ మొదటి రోజు నుంచి. ఆ రికార్డింగే నాకు పంపండి, మిగతావి వద్దు.