పాత కంప్యూటర్‌కి పెద్ద హార్డ్ డిస్క్ వేయడం ఎలా? కొనకముందే చూసుకోవాల్సిన లిమిట్లు

కావలిలో మా బావమరిదికి ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే రెండు కెమెరాల వీడియో, డ్రోన్ వీడియో, ఆల్బమ్ ఫొటోలు అన్నీ కలిపి ఒక్కో పెళ్లికే వంద జీబీ దాటిపోతుంది. విండోస్ 7 కంప్యూటర్‌లో ఉన్న 500 జీబీ డిస్కు ఎప్పుడో నిండిపోయింది. కొత్త కంప్యూటర్‌కి ఇప్పుడు డబ్బులెక్కడివని 4 టీబీ డిస్కు ఒకటి కొని తనే బిగించుకున్నాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, "బావా, నాలుగు టీబీ అని డబ్బులు తీసుకున్నారు, చూస్తే రెండే ఉండాది, డూప్లికేట్ ఇచ్చారేమో" అన్నాడు.

డిస్కు మంచిదే. విండోస్‌లో డిస్కులన్నీ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిపించి చూస్తే 2048 జీబీ ఒక ముక్కగా, 1678 జీబీ ఇంకో ముక్కగా ఉన్నాయి. ఆ రెండో ముక్క మీద రైట్ క్లిక్ చేస్తే న్యూ సింపుల్ వాల్యూమ్ అన్న మాట మసకగా ఉంది, నొక్కినా పని చేయదు. ఒంగోలు నుంచి ఫోన్లోనే చెప్పి పావుగంటలో సరిచేయించాను. ఎలాగో కింద రాశాను, కానీ దానికంటే ముందు ఇదెందుకు జరుగుతుందో తెలియాలి, ఎందుకంటే ఈ లిమిట్లలో ఒకటి మాత్రం నిజంగా ప్రమాదకరమైనది.

డిస్కులో చోటంతా చిన్న చిన్న గదులుగా ఉంటుంది. వాటినే సెక్టార్లు అంటారు, ఒక్కో సెక్టారు సాధారణంగా 512 బైట్లు. ప్రతి సెక్టారుకీ ఒక నంబరుంటుంది. ఆ నంబరు రాసుకోడానికి కంప్యూటర్ ఎన్ని అంకెల చోటు పెట్టుకుందో దాన్ని బట్టే లిమిట్. పాస్‌బుక్కులో సర్వే నంబరుకి మూడే గళ్లు ఉన్నాయనుకోండి, 999 దాటిన పొలం ఊళ్లో ఉన్నా పుస్తకంలోకి ఎక్కదు. డిస్కుల దగ్గర జరిగేది అచ్చం ఇదే. డిస్కుని ముక్కలుగా (పార్టిషన్లుగా) పంచే ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో సెక్టార్ నంబరుకి 32 బిట్లే (సున్నా లేదా ఒకటి పట్టే గళ్లే) ఉంటాయి, దాన్ని 512 బైట్లతో లెక్కేస్తే 2,199,023,255,552 బైట్లు వస్తుంది. అంటే సుమారు 2.2 టీబీ, విండోస్ లెక్కలో 2048 జీబీ. బావమరిది డిస్కు ఆగింది సరిగ్గా అక్కడే.

మొదట పోర్టు చూడండి

స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాత క్యాబినెట్ పక్క మూత తీయండి. లోపల చేయి పెట్టేముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. డిస్కుకి వెళ్లే కేబుల్ వెడల్పాటి పట్టీలా ఉంటే ఐడీఈ, వేలి మందం కూడా లేని సన్నటి కేబుల్ అయితే సాటా. ఐడీఈ డిస్కులు ఇప్పుడు కొత్తవి తయారు కావడం లేదు, సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి ఎన్నేళ్లు తిరిగాయో ఎవరికీ తెలియదు కాబట్టి వాటిలో ముఖ్యమైనవేవీ పెట్టొద్దు. అలాంటి మదర్‌బోర్డుకి పీసీఐ స్లాట్‌లో పెట్టే సాటా కార్డు వేసుకోవచ్చు. మొదటితరం సాటా బోర్డులు కొన్ని కొత్త డిస్కుని అసలు గుర్తుపట్టవు. డిస్కు వెనక వేగాన్ని సెకనుకు 1.5 గిగాబిట్లకి తగ్గించే జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పు) ఉంటే అది పెట్టగానే దారికొస్తాయి.

మన వైపు సముద్రపు గాలికి కనెక్టర్ల మీద చిలుము పడుతుంది. మూత ఎలాగూ తీశారు కాబట్టి కేబుళ్లు ఒకసారి తీసి గట్టిగా పెట్టండి. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ కూడా మార్చేయండి, సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు. ఆ బ్యాటరీ అయిపోతే బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికి వెళ్లిపోతాయి, అందులో ఏహెచ్‌సీఐ అని ఉన్న సాటా మోడ్ ఐడీఈకి మారిపోవచ్చు, అప్పుడు విండోస్ నీలం స్క్రీన్ వేసి ఆగిపోతుంది. డిస్కు పోయిందనుకుని ఫార్మాట్ కొట్టేసినవాళ్లను చూశాను, చాలా బాధేస్తుంది.

మీ కంప్యూటర్ ఏ కాలం నాటిది?

528 ఎంబీ, 8.4 జీబీ లిమిట్లు ఇప్పుడు ఎవరికీ అడ్డు రావు. 1999కి ముందు బోర్డులు కొన్ని 32 జీబీ దాటిన డిస్కు పెడితే ఆన్ అయ్యేటప్పుడే బిగుసుకుపోతాయి, ఏ ఫ్యాక్టరీలోనో పాత మెషీన్‌కి తగిలించిన కంప్యూటర్ అయితే తప్ప దీని గురించి కూడా ఆలోచించక్కర్లేదు.

ఆలోచించాల్సింది 137 జీబీ లిమిట్ గురించి. పాత ఐడీఈ పద్ధతిలో సెక్టార్ నంబరుకి 28 బిట్లే. 2002 ప్రాంతంలో వచ్చిన కొత్త ప్రమాణం దాన్ని 48 బిట్లకు పెంచింది. విండోస్ ఎక్స్‌పీకి ఆ సత్తా 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. అది లేని ఎక్స్‌పీకి పెద్ద డిస్కు పెడితే, మొదట్లో అంతా బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, ఫైళ్లు కాపీ అవుతూనే ఉంటాయి. 137 జీబీ దాటిన రోజున, మూడు గళ్లలో 1000 రాయబోతే 000 పడినట్టు, కొత్త ఫైలు వెళ్లి డిస్కు మొదట్లో ఉన్నదాని మీద పడవచ్చు. అక్కడే ఫైళ్ల జాబితా ఉంటుంది. ఒక్క ఎర్రర్ కూడా రాకుండా మొత్తం పోతుంది. రెండు టీబీ దగ్గర ఆగిపోయే లిమిట్ కనీసం నేను తీసుకోను అని ముందే చెబుతుంది, ఇది చెప్పదు. అందుకే ఎక్స్‌పీ మెషీన్ అయితే మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సర్వీస్ ప్యాక్ ఎంతో చూసి, 3 లేకపోతే ముందు అది వేసుకోండి, లేదంటే 120 జీబీ లోపు డిస్కుతో సరిపెట్టుకోండి.

లైనక్స్ వాడేవాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది. బూట్ అయ్యాక అది బయోస్ మాట మీద ఆధారపడదు, తన డ్రైవర్లతో డిస్కుని నేరుగా చదువుకుంటుంది. బూట్ పార్టిషన్ ఒక్కటి డిస్కు మొదట్లో పెడితే చాలు.

విండోస్ ఉన్న డిస్కా, ఫైళ్లు దాచుకునే డిస్కా?

రెండు టీబీ దాటాలంటే ఎంబీఆర్ బదులు జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలి. జీపీటీ డిస్కు నుంచి విండోస్ బూట్ అవ్వాలంటే బోర్డులో పాత బయోస్ కాకుండా దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఉండాలి, విండోస్ 64 బిట్‌ది అయి ఉండాలి. విండోస్ 8 నుంచి అయితే స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ అన్నచోట చూడండి. లెగసీ అని ఉంటే విండోస్ పాత పద్ధతిలో నడుస్తోందని అర్థం. విండోస్ 7లో ఆ లైను రాదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో విండోస్ ఉన్న డిస్కు ప్రాపర్టీస్‌కి వెళ్లి వాల్యూమ్స్‌లో పార్టిషన్ స్టైల్ ఏముందో చూసుకోవాలి.

అయితే ఫైళ్లు మాత్రమే పెట్టుకునే రెండో డిస్కుకి ఈ బూట్ గొడవ లేదు. విస్టా తర్వాత వచ్చిన ఏ విండోస్ అయినా, బోర్డు పాతదైనా సరే, సాధారణంగా జీపీటీ డిస్కుని చదువుతుంది. 32 బిట్ ఎక్స్‌పీ మాత్రం చదవలేదు. కాబట్టి నా సలహా, ఎవరు అడిగినా ఇదే చెబుతాను: విండోస్‌కి 240 జీబీ లేదా 500 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, ఫైళ్లకి పెద్ద డిస్కు ఇంకొకటి. లిమిట్ల బెడద తప్పుతుంది, కంప్యూటర్‌కి కూడా ప్రాణం లేచొస్తుంది.

బావమరిది చేత చేయించింది కొత్త డిస్కుని జీపీటీకి మార్చడమే. కొత్త డిస్కులో ఇంకా ఏమీ కాపీ చేయలేదు కాబట్టి కంప్యూటర్ అన్న ఐకాన్ మీద రైట్ క్లిక్, మేనేజ్, డిస్క్ మేనేజ్‌మెంట్. కొత్త డిస్కు మీద ఉన్న వాల్యూమ్ డిలీట్ చేయాలి, ఇక్కడ నిదానంగా, డిస్కు సైజు చూసుకుని మరీ చేయాలి, పాత డిస్కు మీద చెయ్యి పడితే పెళ్లిళ్లన్నీ పోతాయి. తర్వాత ఎడమ పక్క డిస్క్ 1 అని రాసి ఉన్న చోట రైట్ క్లిక్ చేసి కన్వర్ట్ టు జీపీటీ డిస్క్ నొక్కాలి. రెండు ముక్కలూ కలిసి ఒకటే అవుతాయి. దాని మీద న్యూ సింపుల్ వాల్యూమ్, ఎన్‌టీఎఫ్ఎస్, క్విక్ ఫార్మాట్. 3726 జీబీ కనిపించింది.

అది చూసి మళ్లీ, మిగతా 274 ఏమైంది బావా అన్నాడు. ఏమీ కాలేదు. కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. 500 జీబీ అంటే 465, ఒక టీబీ అంటే 931 కనిపించడం మామూలే. మూడు టీబీ డిస్కు మాత్రం 746 జీబీ అని చూపిస్తే అది లెక్కల తేడా కాదు, బోర్డు స్టోరేజ్ డ్రైవర్ పాతదై ఉంటుంది, బోర్డు కంపెనీ సైటు నుంచి కొత్త డ్రైవర్ వేయండి.

యూఎస్‌బీ పెట్టెలో పెట్టి వాడాలనుకునేవాళ్లకు ఒక మాట. పాత పెట్టెలు కొన్ని రెండు టీబీ దగ్గరే ఆగిపోతాయి. ఇంకొన్ని సెక్టార్‌ని 4096 బైట్లుగా చూపించి ఆ లిమిట్ దాటిస్తాయి, కానీ తర్వాత డిస్కు తీసి నేరుగా బోర్డుకి తగిలిస్తే ఖాళీ డిస్కులా కనిపిస్తుంది. కంగారుపడి ఫార్మాట్ చేయకండి, అదే పెట్టెలో పెడితే ఫైళ్లు మళ్లీ వస్తాయి.

ఫైళ్లు కాపీ చేశాక

పాత డిస్కు వెంటనే తుడిచేయొద్దు. కొత్త దాన్ని లిమిట్ దాటేవరకు నింపి చూడండి. నాలుగు టీబీ డిస్కు అయితే రెండు టీబీ పైన పడేంతగా ఏవో పెద్ద వీడియోలు పదేపదే కాపీ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, మొదట కాపీ చేసిన ఫొటోలు తెరవండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, ఖాళీ చోటంతా రాసి తిరిగి చదివి తేడా ఉంటే చెబుతుంది. పెద్ద డిస్కుకి ఒక రోజంతా పట్టొచ్చు, ఎండాకాలం అయితే ఫ్యాను కింద పెట్టి రాత్రిపూట నడపండి, యూపీఎస్ ఉంటే మంచిది. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత తక్కువ ధరకి 16 టీబీ అని అమ్మే దొంగ డిస్కులు కూడా ఈ పరీక్షలోనే దొరికిపోతాయి.

అన్నీ సరిగ్గా ఉంటే పాత డిస్కు తీసి, మీద తేదీ రాసిన కాగితం అతికించి, గుడ్డలో చుట్టి తేమ తగలని బీరువాలో పెట్టండి. మా బావమరిది స్టూడియోలో అది ఇంకా బీరువాలోనే ఉంది.