టీవీ లైవ్‌కి పిలుపొచ్చిందా? గంటలో ఇలా సిద్ధం కండి

"సార్, గంటలో లైవ్ ఉంది, లైన్లోకి వస్తారా?" న్యూస్ చానళ్ల నుంచి పిలుపు చాలాసార్లు ఇలాగే వస్తుంది. వెంటనే సరే అనేయకండి.

1. ముందు వివరాలు అడగండి

ఫోనోనా, అంటే గొంతు మాత్రమేనా? వీడియో కాలా, స్టూడియోకు రావాలా? మీరొక్కరేనా, డిబేటా? డిబేటయితే ఇంకెవరెవరు? ఎన్ని నిమిషాలు? ప్రశ్నలన్నీ ముందే పంపమంటే పంపకపోవచ్చు. మొదటి ప్రశ్న దేని మీదో మాత్రం అడగడంలో తప్పులేదు. మీ పేరు, హోదా తెలుగులో టైప్ చేసి వాట్సాప్ చేయండి. తెర కింద పట్టీలో తప్పు పడ్డాక దిద్దించడం కష్టం.

2. చెప్పాల్సింది మూడు ముక్కల్లో రాసుకోండి

ఒక్కో ముక్క 20 సెకన్లు దాటకూడదు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివి చూడండి. మనసులో చదివితే తక్కువే అనిపిస్తుంది.

అసలు చిక్కు వాక్యం కట్టే తీరులో ఉంది. ఊళ్లో విరేచనాలు ప్రబలాయి, మీరు డాక్టరు అనుకుందాం. "ట్యాంకు నీళ్ల వల్లే విరేచనాలు అయ్యాయని చెప్పడానికి ఆధారాలు లేవు" అని మొదలుపెట్టారు. తెలుగులో ఔనో కాదో తేలేది చివరి మాటలోనే. "అయ్యాయని" దగ్గర యాంకర్ అడ్డుపడితే జనానికి చేరేది తిరగేసిన అర్థం. అదే "కారణం ఇంకా తేలలేదు. నీళ్లు పరీక్షకు పంపాం. రిపోర్టు వచ్చేదాకా కాచి చల్లార్చిన నీళ్లే తాగండి" అంటే, ఎక్కడ తెంచినా చెడదు.

ఆరోపణను మీ నోటితో మళ్లీ అనొద్దు. "మేం నిర్లక్ష్యం చేయలేదు" అంటే స్క్రోలింగ్‌లో మీ పేరు పక్కన మిగిలేది "నిర్లక్ష్యం". చేసిన పని చెప్పండి, నిజంగా చేసి ఉంటేనే సుమా.

3. గది, ఫోను, బట్టలు

ఫోన్ అడ్డంగా, కెమెరా కళ్ల ఎత్తుకు వచ్చేలా పుస్తకాల దొంతర మీద ఆనించండి. కిటికీ ఎదురుగా కూర్చోండి. అది వెనకుంటే ముఖం నల్లబడుతుంది. ఫ్యాన్ ఆపేయండి, కుక్కర్ దించేయించండి. ఇయర్‌ఫోన్స్ లేకపోతే యాంకర్ గొంతు మీ మైకులోంచి తిరిగి వాళ్లకే వినిపిస్తుంది. కాల్స్ రాకుండా డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. ఇంట్లో టీవీలో అదే చానల్ నడుస్తుంటే సౌండ్ తీసేయండి. కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చే మీ మాటలే మిమ్మల్ని తడబెడతాయి.

స్టూడియోకైతే ఆకుపచ్చ వద్దు, వెనక గ్రీన్ మ్యాట్ ఉంటే బట్టలు అందులో కలిసిపోతాయి. సన్న గళ్ల చొక్కా తెరమీద మెరమెరలాడుతుంది. కాలర్ మైకుకు గొలుసు, నల్లపూసలు తగిలితే గలగలలే వినిపిస్తాయి.

4. లైన్లో ఉన్నప్పుడు

పావుగంట ముందే కనెక్ట్ కండి. అప్పట్నుంచీ మైకు ఆన్‌లోనే ఉందనుకోండి. తెరమీద మీ ముఖాన్ని కాదు, కెమెరా చుక్కను చూడండి. ప్రశ్న మీకు ఒకట్రెండు సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అది పూర్తిగా విన్నాకే నోరు తెరవండి. వినపడకపోతే ఊహించి జవాబివ్వకుండా మళ్లీ అడగమనండి. తెలియకపోతే "ఆ వివరాలు ఇప్పుడు నా దగ్గర లేవు" చాలు.

యాంకర్ ధన్యవాదాలు చెప్పగానే ఇయర్‌ఫోన్ పీకేసి పక్కవాళ్లతో "ఎలా మాట్లాడాను?" అనకండి. "క్లియర్", అంటే మీరిక లైవ్‌లో లేరని, అవతలినుంచి చెప్పేదాకా అలాగే కూర్చోండి.