ఊరేగింపులో మోసే పాత చెక్క స్వరూపాన్ని శుభ్రం చేయడం ఎలా?

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలైన తపస్కాలంలో, ఐదో ఆదివారం మర్నాడు గోవాలోని గోవా వెల్హా అనే ఊళ్లో పునీతుల (సెయింట్ల) ఊరేగింపు జరుగుతుంది. ఫ్రాన్సిస్కన్ తృతీయ సభవాళ్లు (పునీత ఫ్రాన్సిస్ బాటలో నడిచే గృహస్థుల సంఘం) 17వ శతాబ్దంలో మొదలుపెట్టిన ఆచారమిది. స్వరూపాలను, అంటే పునీతుల విగ్రహాలను, ‘అందోర్’ అనే పల్లకీల మీద నిలబెట్టి భుజాల మీద మోస్తారు. అలాంటి పాత స్వరూపం మీ విచారణ గుడిలో (పారిష్ చర్చిలో) ఉంటే, పండగ ముందు హడావిడిగా తడిగుడ్డ పట్టుకోకండి. ఏళ్ల తరబడి దుమ్ము చేయని నష్టం ఆ ఒక్క పూటలో జరిగిపోతుంది.

1. ముందు చూడండి. చెక్క మీద సుద్ద, జంతువుల జిగురు కలిపిన పూత ఉంటుంది. దాని మీద రంగు, కొన్నిటికి బంగారు రేకు. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. సుద్ద పూత అలా సాగలేదు, అందుకే పెచ్చులు లేస్తాయి. టార్చిలైటు పక్క నుంచి వేస్తే లేచిన పెచ్చుల నీడ కనిపిస్తుంది. అక్కడ బ్రష్ కూడా తగలనివ్వొద్దు. ఆ జిగురు నీటికి కరుగుతుంది కాబట్టి తడి అసలే వద్దు.

2. బట్టలు కట్టిన స్వరూపమైతే విచారణ గురువుల అనుమతితో నెమ్మదిగా విప్పండి. చాలావాటికి తల, చేతులు, పాదాలే చెక్కి ఉంటాయి, లోపలంతా చెక్క చట్రమే. మోయడానికి తేలిక కావాలని అలా చేసేవారు. చేతుల కీళ్లు వదులుగా ఉండొచ్చు, జాగ్రత్త.

3. కింద నల్ల కాగితం పరిచి వారం ఆగండి. సన్నటి పొడి కొత్తగా రాలితే లోపల పురుగు ఉందనుకోవాలి. ఆ స్వరూపాన్ని మిగతావాటికి దూరంగా పెట్టండి. కిరోసిన్ పూయకండి.

4. పూత గట్టిగా ఉన్నచోట మాత్రమే, మెత్తటి మేక వెంట్రుకల బ్రష్‌తో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. కొబ్బరినూనె, వార్నిష్ వద్దు. నూనె మెరుపు నాలుగు రోజులే, ఆ తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

5. ఎనామిల్ పెయింట్ మాత్రం ఎవరు చెప్పినా వేయించకండి. ముఖంలో కనిపించే బాధ, జాలి సగం ఉలి పని అయితే సగం ఆ పాత రంగుదే. దాన్ని కప్పేస్తే శిల్పి పనిలో సగం పోయినట్టే. వన్నె తగ్గినా అదే ఉండనివ్వండి.

6. ఎత్తేటప్పుడు చేయి, కిరీటం పట్టుకోకండి. ఊడివచ్చే కిరీటాన్ని ముందే తీసి, ఇద్దరు కలిసి పీఠం, నడుము దగ్గర పట్టండి. తడి పూలదండలు మెడలో కాకుండా పల్లకి చుట్టూ కట్టండి. కొవ్వొత్తులు దూరంగా ఉండాలి.

7. పండగయ్యాక ప్లాస్టిక్ కవర్ చుట్టొద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. ఉతికిన నూలుగుడ్డ కప్పి, చెమ్మగోడకు దూరంగా ఉంచండి.

పెచ్చులు, పురుగు, విరిగిన వేళ్లు మన చేతి పని కాదు. లక్నోలో 1976లో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనాలయం లాంటి చోట్ల నిపుణులను అడగండి. ముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, రాలిన ముక్క ఎంత చిన్నదైనా కాగితంలో మడిచి, ఎక్కడ రాలిందో దానిమీద రాసి దాచండి.