ఇంట్లోనే రేసింగ్ పడవ బాగుచేద్దాం – 3వ భాగం: నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి?

కిందటి భాగంలో పడవను శుభ్రంగా కడిగి, తాళ్లు, పుల్లీలు, విప్పడానికి వీలైన సామానంతా విప్పి, ఏది ఎక్కడిదో ఫొటోలు తీసి పెట్టుకున్నాం. ఇక్కడికి రాగానే చాలామంది చెయ్యి రెజిన్ (పోశాక గట్టిపడే జిగురు) డబ్బా మీదికే పోతుంది. ఆగండి. ఈ పాఠంలో రెజిన్ కలిపేది దాదాపు చివర్లోనే. పాత డింగీ (చిన్న తెరచాప పడవ) అయినా, కాటమరాన్ (రెండు పొట్టలున్న తెరచాప పడవ) అయినా అసలు జబ్బు పైన కనిపించే గీతలు కాదు, లోపల చేరిన నీరు. అది ఎటునుంచి వచ్చిందో తేల్చుకోకుండా, లోపల పూర్తిగా ఆరనివ్వకుండా వేసిన ఏ అతుకూ నిలవదు.

కాబట్టి ముందు తూకం. లేజర్ అనే డింగీ హల్ (పడవ పొట్ట) ఒక్కటే సుమారు 59 కిలోలు ఉండాలి. హోబీ 16 అనే కాటమరాన్ మొత్తం పడవకు క్లాసు (ఒకే నమూనా పడవల పోటీ తరగతి) నిబంధనల్లో కనీస బరువు 145 కిలోలు, 470 అనే డింగీకి 120 కిలోలు. మీ పడవది వేరే క్లాసయితే దాని నిబంధనల పత్రంలో ఆ అంకె ఉంటుంది, వెతికి పట్టుకోండి. పెద్ద తూకం లేదని వదిలేయనక్కర్లేదు, మనుషులు బరువు చూసుకునే చిన్న యంత్రం చాలు. పడవ ముందు కొన కింద యంత్రం, వెనక కొన కింద అంతే ఎత్తున్న దిమ్మ పెట్టి అంకె రాసుకోండి. తర్వాత పడవ ఆనే చోట్లు మారకుండా యంత్రాన్నీ దిమ్మనూ అటూ ఇటూ మార్చండి. రెండు అంకెలూ కలిపితే వచ్చేదే పడవ బరువు. కాటమరాన్ అయితే రెండు హల్స్‌నూ విడదీసి వేర్వేరుగా తూచండి. రెండూ ఒకే బరువుండేలా చేసినవే కదా, వాటి మధ్య నాలుగైదు కిలోల తేడా వస్తే నీరు తాగింది ఏదో అప్పుడే తెలిసిపోతుంది.

లీటరు నీరు అంటే కిలో బరువు. హల్‌లో గలగలలాడే నీటిని బిరడా తీసి ఒంపేయొచ్చు. దానికి భయపడనక్కర్లేదు. ఒంపేశాక కూడా తగ్గని బరువే భయపెట్టేది. ఆ నీరు ఫోమ్‌లోనో, ప్లైవుడ్‌లోనో ఇంకిపోయి ఉంటుంది.

ఇప్పుడు నీరు లోపలికి ఎలా వెళ్తుందో చూద్దాం. అలలు కొట్టినప్పుడు పగుళ్లలోంచి కారుతుందని అనుకుంటాం. నిజమే కానీ, అది సగమే. ఒడ్డున ఎండలో పెట్టిన పడవలో గాలి బాగా వేడెక్కుతుంది, 50 డిగ్రీల దాకా పోయిందనుకుందాం. దాన్ని తీసుకెళ్లి 25 డిగ్రీల నీటిలో దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. హల్‌కు ఎక్కడా గాలి ఆడే దారి లేకపోతే లోపలి పీడనం దాదాపు ఏడున్నర శాతం పడిపోతుంది. వినడానికి చిన్న అంకె. ఒక చదరపు మీటరు డెక్ (పడవ పైకప్పు) మీద అది సుమారు 750 కిలోల బరువు మోపినంత ఒత్తిడి. ఆ పీల్పుకు వెంట్రుకంత సందు దొరికినా నీరు లోపలికి వచ్చేస్తుంది. అందుకే తయారీదారులు హల్‌కు ఒక చిన్న గాలి రంధ్రం ఉంచుతారు. లేజర్‌లో అది కాక్‌పిట్ (నడిపేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంట) ముందు గోడలో ఉంటుంది. పాత పడవల్లో ఈ రంధ్రాన్ని ఎవరో ఒకరు ‘నీళ్లు పోతున్నాయి’ అని సీలెంట్‌తో మూసేసి ఉంటారు. మీ పడవలో అది ఎక్కడుందో కనుక్కోండి. మూసి ఉంటే సన్నని తీగతో తెరవండి. పనిముట్టు అక్కర్లేని ఈ పని, నా దృష్టిలో, మొత్తం మరమ్మతులో అత్యంత విలువైనది.

సందుల్ని పట్టుకోవడానికి గాలి పరీక్ష చేద్దాం. గాలి రంధ్రాన్ని టేపుతో తాత్కాలికంగా మూసి, నీళ్లు ఒంపే డ్రెయిన్ రంధ్రంలో చిన్న రబ్బరు గొట్టం దూర్చి చుట్టూ టేపు చుట్టండి. అతుకుల వెంట, ఫిట్టింగుల (స్క్రూలతో బిగించిన సామాను) చుట్టూ సబ్బు నురగ బ్రష్‌తో రాసి, గొట్టంలోకి నోటితోనే తేలిగ్గా ఊదండి. కంప్రెసర్ దగ్గరికి మాత్రం పోవద్దు. 0.1 బార్ ఒత్తిడి కూడా చదరపు మీటరుకు దాదాపు టన్ను బరువవుతుంది, డెక్ అతుకు దానికదే ఊడిపోతుంది. నురగ ఎక్కడ బుడగలు కడితే అక్కడ మైనపు పెన్సిల్‌తో గీత పెట్టండి. పెద్ద బుడగలు టపటపా వచ్చే చోటు కన్నా, సన్నని నురగ నిదానంగా పొంగే చోటును శ్రద్ధగా చూడండి. పెద్దది ఎవరికైనా కనబడుతుంది. చిన్నదాన్ని మీరు తప్ప ఇంకెవరూ మూయరు. పరీక్ష అయ్యాక గాలి రంధ్రం మీది టేపు తీసేయడం మర్చిపోవద్దు.

బుడగలు మామూలుగా మూడు చోట్ల వస్తాయి: హల్‌తో డెక్ కలిసే అంచు, స్క్రూలు దిగిన చోట్లు, డ్రెయిన్ బిరడా చుట్టూ. స్క్రూల సంగతి తేలికే. స్క్రూ తీసి, రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, చిక్కని ఎపాక్సీ రెజిన్‌తో నింపి, గట్టిపడ్డాక అందులో మళ్లీ కొత్త రంధ్రం వేయండి. ఫిట్టింగు కింద సిలికోన్ మాత్రం వాడొద్దు. దాని జిడ్డు ఒకసారి అంటుకుంటే తర్వాత పెయింటూ నిలవదు, రెజినూ పట్టదు. బ్యూటైల్ టేపు (మెత్తని జిగట రబ్బరు పట్టీ) మేలు.

లేజర్, దాని తరహా పడవలు ఉన్నవాళ్లు మాస్ట్ (తెరచాపను నిలిపే నిలువు కొయ్య) దిగే గొట్టం గురించి విడిగా ఆలోచించాలి. ఆ పడవలో మాస్ట్‌ను పట్టి ఉంచే తీగలేవీ ఉండవు. గాలి వేసే భారమంతా ఆ గొట్టం మీదే, అందులోనూ గొట్టం అడుగు హల్‌కు అతుక్కున్న చోటే పడుతుంది. గొట్టంలో నిండా నీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టి అరగంట వదిలేయండి. మట్టం తగ్గితే అడుగున పగులున్నట్టే. తగ్గకపోయినా ఇంకో పరీక్ష ఉంది. మాస్ట్ కింది ముక్కను గొట్టంలో దింపి, పై కొస పట్టుకొని మెల్లగా అటూ ఇటూ ఊపండి. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు గొట్టం చుట్టూ డెక్ మీద అరచెయ్యి ఆనించి ఉండాలి. అడుగు ఊడి ఉంటే కంటికి కనబడని కదలిక చేతికి తెలుస్తుంది, ఒక్కోసారి కిర్రుమనే శబ్దమూ వస్తుంది. అలాంటి పడవను గట్టి గాలిలో నీటి మీదికి తీసుకెళ్తే మాస్ట్ డెక్‌ను చీల్చుకొని పడిపోవచ్చు. అప్పుడు బాగుచేసే పని పదింతలవుతుంది.

అడుగున సన్నని పగులే అయితే గొట్టాన్ని ఆరబెట్టి, కర్రకు 80 నంబరు ఎమెరీ కాగితం చుట్టి లోపల గరుకు చేసి, దుమ్ము తుడిచి, పత్తి పొడి కలిపిన ఎపాక్సీని కొంచెం పోసి గట్టిపడనివ్వండి. గొట్టం అడుగే హల్ నుంచి విడిపోయిందంటే పైనుంచి పోసేది పనికిరాదు. దగ్గర్లో డెక్‌కు తనిఖీ మూత పట్టేలా గుండ్రని రంధ్రం కోసి, చెయ్యి లోపలికి పెట్టి, గొట్టం చుట్టూ మూలలో ఎపాక్సీ మెత్తి, దాని మీద రెండు మూడు వరసల గ్లాసు ఫైబర్ గుడ్డ వేయాలి. మూత కోసే ముందు ఎంత సైజు దాకా, ఎక్కడ వేయొచ్చో మీ క్లాసు నిబంధనల్లో చూడండి. రేసులో కొలతలు తీసేవాళ్లు అడిగేది దాన్నే.

ఇక డెక్ మెత్తబడటం. హోబీ 16 హల్స్ రెండు పలచని గ్లాసు పొరల మధ్య ఫోమ్ పెట్టి చేసినవి. తేలిగ్గా ఉంటాయి, గట్టిగానూ ఉంటాయి, పొరలు ఫోమ్‌ను వదలనంత కాలమే. ముందు స్తంభానికి (హల్ మీద నిలబడి రెండు హల్స్‌నూ కలిపే చట్రాన్ని మోసే పొట్టి కాలు) కాస్త ముందున్న డెక్ వీటిలో ముందుగా వదిలే చోటు. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ పిడితో వరసగా తట్టుకుంటూ పోండి. అతుక్కున్న చోట టక్కుమని పదునుగా మోగుతుంది, వదిలేసిన చోట పుచ్చకాయ మీద కొట్టినట్టు డొల్లగా వినిపిస్తుంది. శబ్దం మారిన ప్రతి చోటా చుక్క పెట్టి, చుక్కలన్నీ కలపండి. బయటికి బొటనవేలంత మెత్తగా అనిపించిన చోటు గీత గీశాక అరచెయ్యంత తేలడం మామూలే.

ఇక్కడే ఓపిక కావాలి. తడి ఫోమ్‌కు ఎపాక్సీ అంటదు. తనిఖీ మూతలు తీసి, బిరడాలు తీసి, నీడలో హల్‌ను వంపుగా పెట్టి లోపలికి ఫ్యాను గాలి తోలండి. హెయిర్ డ్రయర్ లాంటివి వాడితే, డెక్ మీద చెయ్యి హాయిగా ఆనించి ఉంచగలిగినంత వేడే చాలు. అంతకు మించితే ఫోమ్ దెబ్బతింటుంది. మొదటి రోజు తూకం రాసి పెట్టారు కదా, మూడు నాలుగు రోజులకోసారి మళ్లీ తూచండి. బరువు తగ్గుతున్నంత కాలం ఆరుతున్నట్టు. వరసగా రెండు తూకాలు ఒకేలా వస్తే రెజిన్ పనికి సిద్ధం. వారాలు పట్టొచ్చు, పట్టనివ్వండి.

ఆరాక, గీసిన హద్దు లోపల రెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి. పై పొర మాత్రమే తెగాలి, కింది పొర తగలకూడదు. డ్రిల్ బిట్‌కు కొన నుంచి 3 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టి హద్దు పెట్టుకోండి. బిట్‌తో పైకి వచ్చిన ఫోమ్ పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి, చెమ్మ తగిలిందా, ఇంకా ఆరబెట్టాలి.

రెజిన్ విషయంలో నా మాట ఒక్కటే: పాలిస్టర్ అనే ఇంకో రకం రెజిన్‌తో చేసిన పాత పడవకైనా సరే, ఈ పనికి ఎపాక్సీనే వాడండి. గట్టిపడిపోయిన పాలిస్టర్‌ను ఎపాక్సీ పట్టుకున్నంతగా కొత్త పాలిస్టర్ పట్టుకోదు. హార్డెనర్‌ను (రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపేది) డబ్బా మీద రాసిన నిష్పత్తిలోనే, తూచి కలపండి. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే ఎపాక్సీ ఎప్పటికీ జిగటగానే మిగులుతుంది. ఒకేసారి పెద్ద గిన్నెడు కలపొద్దు, కుప్పగా ఉన్న రెజిన్ దాని వేడికి అదే ఉడికి పొగలు కక్కుతుంది. చేతికి నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి తగులుతూ పోతే ఒక రోజు ఒళ్లు ఓర్చుకోవడం మానేస్తుంది, ఆ అలర్జీ జీవితాంతం వదలదు. గరుకు పట్టేటప్పుడు దుమ్ము ఆపే మంచి మాస్కు పెట్టుకోండి.

పల్చని ఎపాక్సీని సిరంజితో అన్నిటికన్నా కిందనున్న రంధ్రంలోంచి ఎక్కించడం మొదలుపెట్టండి. పక్క రంధ్రంలో రెజిన్ పైకి కనబడగానే మొదటిదాన్ని టేపుతో మూసి, రెండోదానిలోకి వెళ్లండి. ఇలా కింది నుంచి పైకి పోతే గాలి ముందుకు తోసుకుపోతుంది, మధ్యలో బుడగ చిక్కుకోదు. ఎక్కడైనా రెజిన్ ఎంత తోసినా పక్క రంధ్రంలో తేలకపోతే, లోపలికి కారిపోతోందన్నమాట, ఆపి హల్ లోపల చూడండి. అంతా నిండాక ప్లాస్టిక్ కాగితం పరిచి, డెక్ వంపుకు ఒదిగేలా ఇసుక సంచులు పెట్టండి. బరువు డెక్‌ను పాత ఆకారంలోకి తేవాలి, లోపలికి అణచకూడదు.

రెండు రోజులకు సంచులు తీసి మళ్లీ తట్టండి. గీత లోపల ఇంకా డొల్ల శబ్దం వచ్చే చుక్కలుంటే అక్కడే మళ్లీ రంధ్రం వేసి ఎక్కించండి. పూర్తి బలం రావడానికి వారం పడుతుంది, అప్పటిదాకా దాని మీద కాలు పెట్టనివ్వొద్దు. ఫోమ్ పిండిగా రాలిపోయి ఉన్నా, మెత్తదనం స్తంభం మొదలు దాకా పాకినా ఈ సిరంజి వైద్యం చాలదు. పై పొర కోసి కొత్త ఫోమ్ వేయాలి. ఆ కోతను, కొత్త పొర అంచును మందానికి పన్నెండింతలు ఏటవాలుగా చెక్కడాన్ని 4వ భాగంలో చేద్దాం. అప్పటికి మీ దగ్గర మూడు తూకాలైనా రాసి ఉండాలి.