చిన్న సీసపు గుండ్లు ముడతలు పడకుండా

చెన్నైలోని చేపల రేవు కాశిమేడులో మా పెదనాన్న వాడిన పాత ఇనుప అచ్చు ఇప్పుడు నా దగ్గరుంది. గాలానికి కట్టే సీసపు గుండ్లు పోసేది. పెద్ద గుంటల్లో గుండ్లు నున్నగా వచ్చేవి. అయిదు గ్రాముల చిన్నవి మాత్రం ముడతలు పడి, అంచులు నిండకుండా దిగేవి.

సీసంలో లోపం లేదు, అచ్చే చల్లగా ఉంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చిన్న గుండులో ఉండే వేడే కాస్త, దాన్ని ఇనుము లాగేసుకుంటే మూలలకు చేరేలోపే గడ్డకడుతుంది. అందుకే అచ్చును పొయ్యి పక్కన పెట్టి బాగా వేడెక్కనిచ్చాను. గుంటలకు కొవ్వొత్తి మసి పల్చగా పట్టించాను. కరిగిన సీసంలో చిన్న మైనం ముక్క వేసి కలిపితే మడ్డి పైకి తేలింది, గరిటెతో తీసేశాను. మొదట దిగిన కొన్ని గుండ్లు మళ్లీ మూకుట్లోకే వెళ్లాయి. ఆ తర్వాతవి ఎంత చక్కగా వచ్చాయంటే, గుంట లోపలి సన్నని గీతలు కూడా వాటి మీద కనిపించాయి! గుండు తెల్లగా, గరుకుగా దిగితే అచ్చు మరీ వేడెక్కినట్టు. కాసేపు ఆగాలి.

చెన్నై సముద్రపు గాలికి ఇనుముకు చెమ్మ పడుతుంది. "చుక్క నీళ్లు తగిలినా సీసం చిమ్ముతుందిరా, ముందు ఆరనీ" అనేవారు పెదనాన్న. అచ్చు, గరిటె, కొత్తగా వేసే సీసం, అన్నీ పొడిగా ఉండాల్సిందే. సీసం విషం కాబట్టి ఆరుబయటే పోస్తాను, కళ్లద్దాలు, తోలు తొడుగులు వేసుకుంటాను. ఆ మూకుడు వంటింట్లోకి రాదు, పిల్లలు ఆ చుట్టుపక్కలకు రారు.